వాలు గోపురం కింద నీలిచేప

శుక్రవారం పొద్దున్నే మరిది వెనక గుమ్మంలోంచి వచ్చాడంటే పాడు కబురు తెచ్చాడన్నమాటే. మంచి కబురైతే డీట్‌మార్ ముందు గుమ్మంలోంచి, నలుగురూ చూసేలా వస్తాడు. వైడెన్‌రోడా ఊరికి మేయరయ్యాక ఆ అలవాటు మరీ ముదిరింది.

రోస్విటా బంగాళాదుంపల చెక్కు తీస్తూ తలెత్తలేదు.

"చెప్పు," అంది.

"ఏం వదినా, కూర్చోమనవా?"

"కూర్చోమంటే కాఫీ పొయ్యాలి. కబురు కాఫీకి తగిందో కాదో ముందు చూడనీ."

డీట్‌మార్ టోపీ తీసి చేతిలో గుండ్రంగా తిప్పాడు. నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ సర్దుకున్నాడు. "ఎల్లుండి జాతరకి హాంబుర్గ్ నుంచి సర్వేయరమ్మ వస్తోంది. మన గోపురాన్ని కొలుస్తుంది."

"కొలవనీ. దానికేమన్నా నొప్పా?"

"కిందటిసారి కన్నా ఇంకాస్త వాలిందని ఆవిడ రాసిచ్చిందనుకో, పక్క ఊరు హైనెబర్గ్ వాళ్ళ గోపురం పని అయిపోయినట్టే! జిల్లాలోకెల్లా వంకర గోపురం మనదే. ఇక బస్సులే బస్సులు."

"వాలిందంటావా?"

"వాలకేం చేస్తుంది? కర్ర చెబుతోందిగా!"

వైడెన్‌రోడాలో గోపురం సంగతి కర్రే చెప్పాలి. సెయింట్ కిలియన్ చర్చి గంట గోపురానికీ, రోస్విటా నడిపే నీలిచేప హోటలుకీ మధ్య ఒక సందు ఉంది. కింద బీరు పీపాల బండి హాయిగా పడుతుంది. పైకి పోయినకొద్దీ సందు సన్నబడుతుంది. ఏటా జాతరనాడు మేయరు హోటలు అటక కిటికీలోంచి వంగి, గోపురం రాతి అంచుదాకా ఒక ఓకు చెట్టు కర్ర పెట్టి చూస్తాడు. డీట్‌మార్ తాత రోజుల్లో ఆ కర్ర అతికినట్టు సరిపోయేదట. తర్వాత పట్టలేదు. కోశారు. కొన్నాళ్ళకి మళ్ళీ పట్టలేదు. మళ్ళీ కోశారు. కోసిన ముక్కలన్నీ పురపాలక భవనంలో, ముక్కు విరిగిన రాతి వీరుడి విగ్రహం పక్కన, గాజు పెట్టెలో వరసగా పేర్చి ఉంటాయి. వాటి కింద ‘మన గోపురం ప్రగతి’ అని ఇత్తడి రేకు. ఊళ్ళో రెండో చర్చి సెయింట్ అన్నా ఇంతకన్నా పాతది. లోపల గోడల నిండా బొమ్మలు కూడా ఉన్నాయి. కానీ అది నిటారుగా నిలబడి ఉంది. నిటారుగా ఉన్నదాన్ని చూడ్డానికి ఎవడొస్తాడు?

"సరే, వాలింది. బస్సులొచ్చాయి. నాకూ నాలుగు భోజనాలు ఎక్కువ పోతాయి. ఇందులో పాడు కబురేదీ?" అంది రోస్విటా.

డీట్‌మార్ టోపీ తిప్పడం ఆపాడు.

"ఇంకా వాలుతోందని తేలితే, గోపురం ఎటు పడుతుందో అటు వైపు ఇళ్ళు మూసెయ్యాలట. కట్టడాల శాఖ వాళ్ళ రూలు."

"అటు వైపు ఏ ఇళ్ళున్నాయి?"

"ఇళ్ళు కాదు వదినా. ఇల్లు."

చాకు దుంపలో సగం దిగి ఆగిపోయింది. గోపురం పడమరకి వాలి ఉంది. పడమట ఉన్నది నీలిచేప ఒక్కటే. కొత్త పెళ్ళికూతురిగా వచ్చిన పూట అత్తగారు ఆమె చేతిలో గరిటె పెట్టింది ఈ వంటింట్లోనే. మొగుడు గ్యుంటర్ పోయిన మర్నాడు కూడా ఆమె పొయ్యి ఆర్పలేదు. పైన పడగ్గది, కింద వంటిల్లు, మధ్యలో కిర్రుమనే మెట్లు. ఆమెకి ఊరన్నా ఇల్లన్నా ఇదే.

"బస్టాండు పక్కన నీకు చోటు చూపిస్తాం వదినా. కొత్త భవనం, అంతా అద్దాలే," అన్నాడు డీట్‌మార్ తీపిగా.

"చేపల తొట్టిలో నేను దుంప ఉండలు చేసుకోవాలా? నడు."

"మరి కాఫీ?"

"తగలేదు."

* * *

శనివారం సాసేజ్‌ల కోసం హెల్‌ముట్ మాంసం కొట్టుకి వెళ్ళినప్పుడు అసలు కుట్ర బయటపడింది.

అది అర్థం కావాలంటే తోపు సంగతి తెలియాలి. జాతరనాడు ప్రార్థన ముగిశాక, బీరు పీపా తెరవకముందు, ఊరంతా ఆ సందులోకి దిగుతుంది. గోపురం పడిపోకుండా నిలబెట్టడానికి ముందు వరసవాళ్ళు గోడకి అరచేతులు ఆనించి తోస్తారు. వెనక వరసవాళ్ళు ముందువాళ్ళ వీపుల్ని తోస్తారు. బాకాల బృందం ఒక కీర్తన వాయిస్తుంది, అది అయ్యేదాకా వదలకూడదు. ఇలా తోస్తే గోపురం కదులుతుందని ఊళ్ళో నమ్మేవాడు ఒక్కడూ లేడు. తొయ్యనివాడు కూడా లేడు. తోస్తే పోయేదేముందంటారు. బడిలో భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు అందరికన్నా ముందు కోటు విప్పుతాడు.

"రోస్విటక్కా, ఈసారి తోపు సందులో కాదట. చౌకు వైపు నుంచట," అన్నాడు హెల్‌ముట్ సాసేజ్‌లు చుట్టి ఇస్తూ.

"ఎవరన్నారు?"

"మేయరే. పొద్దుటి ఎండ తూర్పున పడుతుంది, ఫొటోలకి బాగుంటుందన్నాడు."

"మీ ముత్తాతల నుంచీ చీకటి సందులో తోస్తున్నారే, ఇప్పుడు ఎండ గుర్తొచ్చిందా?"

హెల్‌ముట్ చూపు తిప్పుకున్నాడు. రోస్విటాకి బుర్రలో టక్కున దీపం వెలిగింది. సందులోంచి తోస్తే గోపురం లేస్తుంది. తూర్పున ఉన్న చౌకులోంచి తోస్తే పడమరకి, అంటే సరాసరి తన కప్పు మీదకి ఇంకాస్త ఒరుగుతుంది. సర్వేయరమ్మ చూస్తుండగా!

"ఒరేయ్ హెల్‌ముట్, గోపురం చేతులతో తోస్తే వంగుతుందట్రా?"

"ఛ, ఎక్కడన్నా వంగుతుందా అక్కా!"

"మరి తోస్తావా, చౌకు వైపు నుంచి?"

"తోస్తే పోయేదేముంది?" అని హెల్‌ముట్ సాసేజ్‌లతో మాట్లాడుతున్నట్టు గొణిగాడు.

రోస్విటా ఇంటికొచ్చింది. తొక్కల బకెట్టు పారబోయడానికి సందులోకి వచ్చి నిలబడింది. అటు చూసింది. ఇటు చూసింది. ఎవరూ లేరు. ఇన్నేళ్ళుగా తోపుని చూసి నవ్వుకున్న మనిషి, బకెట్టు కింద పెట్టి, కుడి భుజం గోపురానికి ఆనించి, పళ్ళు బిగించి తోసింది.

"తోపు రేపమ్మా రోస్విటా," అన్న మాట వెనకనుంచి వినబడింది. పాస్టరు లోట్స్.

"వీపు దురద పాస్టరు గారూ. గోక్కుంటున్నా."

"ఓహో." పాస్టరు ముక్కు ఎగబీల్చాడు. "దురద తగ్గాక ఒక్క మనవి. రేపు నా ప్రసంగం జరిగేటప్పుడైనా వంటింటి కిటికీ మూసి ఉంచమ్మా. వేపుడు వాసన తగిలిందంటే దైవవాక్యం మీద ఒక్కడి మనసూ నిలవదు."

"మీరు ప్రసంగం తొందరగా ముగించండి, నేను కిటికీ మూసినా మూయకపోయినా ఒకటే."

ఈ తగాదా పాస్టరు ఊళ్ళోకి వచ్చిన మొదటి ఆదివారం నుంచీ నడుస్తూనే ఉంది.

* * *

ఆదివారం ప్రార్థన జరుగుతుండగానే సర్వేయరమ్మ దిగింది. పేరు ఇమ్కె. పొడుగ్గా ఉంది. రబ్బరు బూట్లు తొడుక్కుంది. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా వానకోటు వేసుకుంది. చౌకు మూలన మూడుకాళ్ళ యంత్రం నిలబెట్టి గోపురాన్ని చూడ్డం మొదలెట్టింది. రోస్విటా కాఫీ పట్టుకెళ్ళింది.

"ఏమ్మా, నీ యంత్రం అబద్ధం చెబుతుందా?"

"చెప్పదండీ."

"అయ్యో," అంది రోస్విటా మనస్ఫూర్తిగా.

చర్చి తలుపులు తెరుచుకున్నాయి. జనం బిలబిలమంటూ బయటికి వచ్చారు. బాకాలవాళ్ళు చౌకులో వరస కట్టారు. డీట్‌మార్ మెడలో మేయరు గొలుసు వేసుకుని చర్చి మెట్లెక్కాడు.

"ఊరి పెద్దలారా, అక్కలారా, చెల్లెళ్ళారా! ఈ ఏడు ఎండ ఇటు బాగుంది కాబట్టి..."

"ఆగు!"

నీలిచేప గుమ్మంలో రోస్విటా నిలబడి ఉంది. తెల్లటి ఏప్రను కట్టుకుంది, చేతిలో పెద్ద చిల్లుల గరిటె. ఆమె వెనక నుంచి వేయించిన పంది మాంసం ఘుమఘుమ, ఎర్ర క్యాబేజీ పుల్లటి వాసన, పులుసు మరుగుతున్న కమ్మదనం చౌకంతా పాకాయి. జనం ముక్కులన్నీ ఒక్కసారిగా పడమరకి తిరిగాయి.

"దుంప ఉండలు తయారు. సందులో తోసినవాళ్ళకి ఎన్ని కావాలంటే అన్ని. చౌకులో తోసినవాళ్ళు ఎండ తినొచ్చు. ఎండ బాగుందటగా!"

జాతరనాడు దుంప ఉండలు లేకపోవడమా! ఆ ఊళ్ళో అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ముందు కదిలింది భౌతికశాస్త్రం మాస్టారు. చంకలో కోటు పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా సందులోకి నడిచాడు. అతని వెనక ఇద్దరు. వాళ్ళ వెనక పదిమంది.

"ఎక్కడికయ్యా! మీకు ఊరు ముఖ్యమా, కడుపు ముఖ్యమా?" అని అరిచాడు డీట్‌మార్.

"ఊరు రేపు కూడా ఉంటుంది మేయరు గారూ, ఉండలు చల్లారిపోతాయి!" అని ఎవరో సందులోంచి బదులిచ్చారు.

సగం ఊరు సందులో, సగం ఊరు చౌకులో. గోపురానికి అటూ ఇటూ అరచేతులు పడ్డాయి. హెల్‌ముట్ మధ్యలో ఇరుక్కుని, ఎడమ చెయ్యి చౌకు వైపు గోడకీ కుడి చెయ్యి మూల తిప్పి రెండో గోడకీ ఆనించాడు. బాకాలవాళ్ళు ఎటు తిరిగి వాయించాలో తెలియక ఒకరి మొహం మీద ఒకరు ఊదుకున్నారు.

"తొయ్యండి! కిలియన్ మీద ఒట్టు, తొయ్యండి!" అన్నాడు డీట్‌మార్.

"తొయ్యండ్రా నాయనలారా! వేయించిన ఉల్లిపాయలు కూడా ఉన్నాయి!" అంది రోస్విటా.

"చేతులు తియ్యండి!" అన్న కేక ఇద్దరినీ మించిపోయింది. ఇమ్కె పరిగెత్తుకొచ్చింది. "ఇది రక్షిత కట్టడం. గోడ పట్టుకుని ఏం చేస్తున్నారు మీరంతా?"

నమ్మని పనిని ఎందుకు చేస్తున్నారో పరాయి ఊరి మనిషికి చెప్పడం కష్టం.

"ఆనవాయితీ," అన్నాడు పాస్టరు చివరికి.

"గోపురం కదల్లేదు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ కదల్లేదు. రైలు దారి వేసినప్పుడు కొలిచిన లెక్క మా దగ్గరుంది. అప్పుడు ఎంత వాలి ఉందో ఇప్పుడూ అంతే. కట్టినవాడే వంకరగా కట్టాడు. అప్పట్నుంచీ వెంట్రుకవాసి కూడా జరగలేదు."

రోస్విటా గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఇల్లు నిలిచింది! గరిటె ఎత్తి లోపలికి నడవబోయింది. అప్పుడు డీట్‌మార్ మొహం ఎర్రగా చేసుకుని, "అదెలా కుదురుతుంది? మా కర్ర అబద్ధమా?" అన్నాడు.

ఆ ముక్క అనకుండా ఉంటే ఎంత బాగుండేదో!

* * *

అటక మీద ఇమ్కె, డీట్‌మార్, పాస్టరు, రోస్విటా తలలు వంచుకుని నిలబడ్డారు. డీట్‌మార్ కిటికీలోంచి వంగి కర్ర పెట్టాడు. పట్టలేదు. బొటనవేలంత మిగిలిపోయింది.

"చూశారా! రంపం తెమ్మనండి!" అన్నాడు గెలిచినవాడిలా.

ఇమ్కె కర్రని చూసింది. గోపురాన్ని చూసింది. తర్వాత తన కాళ్ళ కింద చెక్కల నేలని చూసింది. జేబులోంచి ఒక పెన్సిల్ తీసి నేల మీద పెట్టింది. పెన్సిల్ కాసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా దొర్లి, వేగం అందుకుని, కిటికీ కింద గోడకి టక్కున కొట్టుకుంది. గోపురం వైపు గోడకి.

"మేడమ్, ఈ ఇంట్లో వస్తువులు ఎప్పుడూ ఇటే దొర్లుతాయా?" అని అడిగింది ఇమ్కె రోస్విటాని.

"పాత ఇళ్ళంటే అంతే కదమ్మా."

"బల్లలు?"

"బల్లలకి ఒక వైపు కాళ్ళ కింద అట్టముక్కలు పెడతాం. ఆ వడ్రంగి వెధవ కాళ్ళు సమంగా కొయ్యడు. ఏటేటా ఇంకో అట్ట పెట్టాల్సి వస్తోంది."

"పొయ్యి?"

"ఇటుక పెట్టాం. మొన్న రెండోది కూడా..." అని రోస్విటా ఆగిపోయింది. గరిటె దానంతటదే కిందికి దిగింది.

ఇమ్కె కిందికి దిగి యంత్రాన్ని నీలిచేప వైపు తిప్పింది. మూల స్తంభాన్ని కింద నుంచి పైదాకా చూసింది. ఊరంతా చుట్టూ మూగింది.

"గోపురం ఇంటి మీదకి రావడం లేదు. ఇల్లే గోపురం మీదకి వెళ్తోంది. కింద పాత నేలమాళిగ ఉంది కదా, అటు వైపు మట్టి కుంగింది. మీరు ఇన్నాళ్ళూ కర్ర కోసింది గోపురం వాలినందుకు కాదు. హోటలు వాలినందుకు."

గాజు పెట్టెలోని ముక్కలన్నీ డీట్‌మార్ కళ్ళముందు వరసగా నడిచి వెళ్ళిపోయినట్టున్నాయి.

"అంటే, హైనెబర్గ్ వాళ్ళది..." అన్నాడు.

"వాళ్ళ గోపురం మీ గోపురం కన్నా చాలా వంకర. అసలు పోలికే లేదు."

చౌకులో ఎవరో ముక్కు చీదారు. బాకాలవాడొకడు బాకా సంచిలో పెట్టేసుకున్నాడు.

రోస్విటాకి ఆ గోడు పట్టలేదు. హోటలు గుమ్మం మెట్ల మీద కూలబడి ఉంది. "నా ఇంటి మాట చెప్పమ్మా," అంది. ఇందాకటి గొంతు కాదది.

ఇమ్కె ఇబ్బందిగా వానకోటు గుండీ తిప్పింది. "వాలుతున్న ఇంటి గురించి నేను రాయక తప్పదండీ. ఆసరా లేకపోతే మూసెయ్యమనే అంటారు."

గోపురం నుంచి తప్పించుకున్న ఇల్లు తన కాళ్ళ మీదే కుప్పకూలుతోంది. రోస్విటా అరచెయ్యి వెనక్కి పోనిచ్చి గుమ్మం కొయ్యని పట్టుకుంది. నిన్న పరాయి గోడని తోసింది కానీ, సొంత గోడని ఒక్కసారి కూడా చూసుకోలేదు.

అప్పుడు డీట్‌మార్ గొంతు సవరించుకున్నాడు. అతని కళ్ళల్లో ఏదో మెరిసింది. ఎన్నికల ముందు మెరిసేదే.

"సర్వేయరు గారూ, ఊరికే అడుగుతున్నా. మా వదిన హోటలు ఎంత వంకర?"

"బాగా."

"హైనెబర్గ్ గోపురం కన్నానా?"

ఇమ్కె యంత్రంలోకి మళ్ళీ చూసింది. "ఎత్తు లెక్కలోకి తీసుకుంటే... అవును. దాదాపు రెట్టింపు. ఇంత వంకర ఇల్లు నేను ఉద్యోగంలో చేరాక చూడలేదు."

చౌకులో గుసగుస పుట్టింది. గుసగుస గోల అయింది. "మన నీలిచేపే!" అన్నాడు హెల్‌ముట్, తనే కట్టినట్టు ఛాతీ విరిచి. సంచిలోకి వెళ్ళిన బాకా మళ్ళీ బయటికొచ్చింది.

"అయితే దాన్ని మూసేదేంటి? ఎవడు మూస్తాడో చూస్తా!" అన్నాడు డీట్‌మార్. గంట కిందట మూయించబోయింది తనేనన్న సంగతి అతనికి గుర్తే లేదు. "ఆసరా అంటే ఏం కావాలో చెప్పండమ్మా!"

ఇమ్కె మూల స్తంభాన్ని పిడికిలితో కొట్టి వింది. "కొయ్య గట్టిగానే ఉంది. ఓకు కదా, వంగుతుందేగాని విరగదు. సందుకి అడ్డంగా రెండు దూలాలు వేసి ఇంటిని గోపురానికి ఆనిస్తే చాలు, తర్వాత నేలమాళిగ బాగుచెయ్యొచ్చు. గోపురం ఎలాగూ కదలదు. కాకపోతే అది చర్చి గోడ. చర్చివాళ్ళు ఒప్పుకోవాలి."

అందరూ పాస్టరు వైపు తిరిగారు.

పాస్టరు లోట్స్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇన్నేళ్ళకి దేవుడు తనవైపు ఒక్కసారి చూశాడని అతని మొహం చెబుతోంది. "సంతోషంగా ఒప్పుకుంటాను. ఒక్క షరతు. ప్రసంగం జరిగేటప్పుడు వంటింటి కిటికీ మూసి ఉండాలి."

రోస్విటా లేచి నిలబడింది. ఇల్లు పోతుందని కూలబడ్డ మనిషికి, వంటింటి సంగతి వచ్చేసరికి ఎక్కడలేని బలం వచ్చింది. పొయ్యి ముందు కిటికీ మూసుకుని వేపుడు వేయించడం ఎవరివల్లవుతుంది?

"పాస్టరు గారూ, కిటికీ మూస్తే నేను పొగలో చస్తా. నేను చస్తే హోటలు మూత. హోటలు మూతపడితే వీళ్ళకి బస్సులు లేవు, ఉండలు లేవు. అప్పుడు వీళ్ళందరికీ మీరే సమాధానం చెప్పుకోండి."

పాస్టరు జనాన్ని చూశాడు. జనం పాస్టరుని చూశారు. ప్రార్థనలో కూడా వాళ్ళు అతన్ని అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు.

"ఇంకో దారి లేదా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"లేకేం? ప్రసంగం సగానికి తగ్గించండి. ఆ సగంసేపూ మాంసం మూతపెట్టి మగ్గిస్తా, వాసన రాదు. మూత తీసేసరికి మీరు ఆమెన్ అనెయ్యాలి."

"ఒప్పుకోండి పాస్టరు గారూ!" అన్న కేక నాలుగు వైపుల నుంచీ లేచింది. అన్నిటికన్నా గట్టిగా వినబడింది పాస్టరు భార్య గొంతే.

లోట్స్ నిట్టూర్చి, సరేనన్నట్టు తలాడించాడు. ఇమ్కె అప్పటికే సందులో మోకాళ్ళ మీద కూర్చుని దూలాలు ఎక్కడ ఆనాలో గోడ మీద సుద్దతో గీస్తోంది. హెల్‌ముట్ వడ్రంగిని వెతకడానికి పరిగెత్తాడు, రోస్విటా బల్లల వంకర అతని తప్పు కాదని చెప్పకుండా ఉండలేడు కాబట్టి మరీ వేగంగా.

నీలిచేపలో బల్లలన్నీ నిండాయి. రోస్విటా గరిటెతో ఉండలు తీసి పళ్ళాల్లో వేస్తూ పోయింది. ముందు సందులో తోసినవాళ్ళకి. తర్వాత హాంబుర్గ్ పిల్లకి, కొసరుగా ఇంకొకటి. తర్వాత బాకాలవాళ్ళకి. చౌకులో తోసినవాళ్ళు కూడా సిగ్గు చంపుకుని పళ్ళాలు పట్టుకుని వస్తే, సాధించకుండానే వేసింది. డీట్‌మార్ మెడలో గొలుసుతో వరసలో ఐదుసార్లు ముందుకొచ్చాడు. ఐదుసార్లూ ఆమె అతని వెనకవాడి పళ్ళెమే నింపింది.

చివరికి కుండలో ఒకే ఒక్క ఉండ మిగిలింది, కాస్త చితికింది.

"ఇదేంటి వదినా! నీ ఇల్లు నిలబెట్టింది నేను కదా!" అన్నాడు డీట్‌మార్ ఏడుపు గొంతుతో.

"అందుకేగా ఇది మిగిల్చా," అంది రోస్విటా, పులుసు పోస్తూ.